దర్శనమునకై దర్శనము నొసగిన కూరేశులు

సంస్కృతమున దర్శన శబ్దమునకు కన్ను అనియు, చూపు అనియు అర్థములు గలవు. శాస్త్రసిద్ధాంతమునకును అదియే పేరు. ఈ రెండవ దర్శనమును నిలుపుటకై మొదటి దర్శనమును విడిచినవారు మన గురుపరంపరలో ఇరువురు. అందొకరు వయోవృద్ధులైన మహాపూర్ణులు. వారు ఆ బాధతోనే మార్గమధ్యమున పరమపదించిరి. రెండవవారు చూపు లేని బ్రదుకును ఏండ్ల తరబడి గడపిరి. వారే శ్రీవత్సాంకమిశ్రులు. తమిళులు కూరత్తాళ్వాన్ అనియు, మనవారు కూరేశులనియు వ్యవహరింతురు. ప్రాణమిచ్చిన వారి త్యాగమును కొనియాడుట సులభము. కన్నులిచ్చి, ఆ పిదప ప్రతిదినమును చీకటిలో మేల్కొనిన వారి చరిత్రను నిదానముగా చదువవలసి యున్నది.

కాంచీపురమునకు చేరువనున్న కూరమను గ్రామమున, హారీత గోత్రమున, సౌమ్య నామ సంవత్సర మకర మాసమున, హస్తా నక్షత్రమున వారు అవతరించిరి. ఇది క్రీస్తుశకము 1010వ సంవత్సరారంభమునకు సరిపోవును. భగవద్రామానుజుల అవతారము 1017లో జరిగినది. అనగా శిష్యుడు ఆచార్యునికంటె వయస్సున పెద్ద. జ్ఞానమును బట్టి పాదముల నాశ్రయించుటకు వయస్సు అడ్డము రాలేదు.

పుట్టుకతోనే సంపద కలిగిన వంశము వారిది. ఉదయము మొదలు రాత్రి ప్రొద్దుపోవు వరకు అన్నార్తులకు వారి ద్వారము తెరచియే యుండెడిది. రాత్రి దానములు ముగిసిన పిమ్మట మూయు తలుపుల చప్పుడు కంచిలో పెరుందేవి తాయారు చెవిని సోకెననియు, ఆ ధ్వని ఏమని తాయారు స్వామి నడిగెననియు, స్వామి కూరేశుల ఔదార్యమును వర్ణించి చెప్పెననియు ఐతిహ్యము. కాంచీపూర్ణుల వలన ఈ సంగతి తెలిసినప్పుడు మరియొకరైనచో పొంగిపోయెడివారు. కూరేశులు సిగ్గుపడిరి. తన తలుపుల మ్రోత జగన్మాత చెవిని పడునంతటి అహంకారము తన యింట పెరిగినదా యని బాధపడి, ఉన్న సొత్తునంతయు పంచిపెట్టి, భార్య ఆండాళమ్మతో కట్టుబట్టలతో శ్రీరంగమునకు పయనమైరి.

దారిలో చీకటి అడవి వచ్చినది. ఇచట భయమేమైన కలదా యని ఆండాళమ్మ అడిగెను. చేతిలో ధనమున్నవారికే భయమనియు, నీయొద్ద ఏమైన నున్నదా యనియు కూరేశులు అడిగిరి. భర్త పాలు త్రాగుటకై వాడుక చొప్పున తెచ్చిన బంగారు గిన్నె యొకటి కలదని ఆమె చెప్పెను. దానిని తీసి దూరముగా పారవైచి ఇక భయము లేదనిరి. ఈ కథను చెప్పువారు కూరేశుల వైరాగ్యమునే పొగడుదురు. నిన్నటి దినమున గొప్పయింటి కోడలుగా నుండి, నేడు ఆ ఒక్క గిన్నెయు పోవుచుండగా మారుమాట లేక నడచిన ఆ తల్లిని గూర్చియు ఒక మాట చెప్పుట న్యాయము. ముందు ముందు ఆ యింటికి ఆమె కన్నులే దిక్కైనవి.

శ్రీరంగమున వారిది ఉంఛవృత్తి. దొరకిన దినమున వండుకొనుట, దొరకని దినమున తీర్థము పుచ్చుకొని పండుకొనుట. ఒక వానరాత్రి ఇరువురును పస్తుండగా, రంగనాథుని రాత్రి ఆరగింపు ఘంట వినబడినది. భర్త ఆకలి చూడజాలక ఆండాళమ్మ మనస్సులోనే స్వామిని తలచుకొనెను. కొంతసేపటికి ప్రసాదము వాకిట నిలిచినది. ఇది అడుగనిది ఎట్లు వచ్చినదని కూరేశులు నొచ్చుకొనిరేగాని, వచ్చిన ప్రసాదమును తిరస్కరింపలేదు. తాము కొంచెము స్వీకరించి ఆమెకు రెండు పిడికిళ్లు ఇచ్చిరి. పరాశర భట్టరు, వేదవ్యాస భట్టరు అను ఇరువురు కుమారులు ఆ ప్రసాద ఫలమేనని పెద్దలు చెప్పుదురు.

కూరేశుల ధారణాశక్తిని గూర్చి ఇచటనే చెప్పవలెను. బ్రహ్మసూత్రములకు బోధాయనుని వృత్తి కాశ్మీరమున నున్నదని తెలిసి రామానుజులు వారితో కూడ అంత దూరము వెళ్లిరి. శ్రమపడి సంపాదించిన ఆ గ్రంథమును అచటి పండితులు త్రోవలోనే వచ్చి మరల తీసికొనిపోయిరి. చేసిన యాత్ర వ్యర్థమైనదని ఆచార్యులు దుఃఖించుచుండగా కూరేశులు మెల్లగా విన్నవించిరి. రాత్రివేళ ఆచార్యులు నిద్రించునప్పుడు తాము దీపపు వెలుగున ఆ గ్రంథమును చదివితిమనియు, అదంతయు తమ మనస్సున నిలిచినదనియు చెప్పిరి. శ్రీభాష్యమునకు ఆ జ్ఞాపకమే ఆధారమైనది. ఒకసారి చూచినది మరువని ఆ బుద్ధియే కన్నులు పోయిన పిమ్మట వారికి గ్రంథాలయమైనది.

శ్రీభాష్యమును రామానుజులు చెప్పుచుండగా వ్రాసినవారును కూరేశులే. తమకు సమ్మతము కాని మాట వచ్చినచో వ్రాయక ఘంటము నిలుపవలెనని ఆచార్యులే నియమించిరి. జీవాత్మ స్వరూపమును చెప్పు సందర్భమున జ్ఞాతృత్వమును మాత్రము చెప్పి, భగవంతునికి శేషమై యుండుటను చెప్పకపోవుటచే కూరేశులు ఘంటము నిలిపిరి. ఎన్నిమారులు చెప్పినను చేయి కదలలేదు. ఆచార్యులకు కోపము వచ్చి, నీవే భాష్యము వ్రాసికొమ్మని పాదముతో త్రోసిరి. కూరేశులు చలింపలేదు, శేషభూతుడైన వస్తువును శేషి తన యిష్టము వచ్చినట్లు వాడుకొనవచ్చునని ఊరకుండిరి. పిమ్మట ఆచార్యులు తమ మాటను తామే సవరించుకొని, చింతించి, వారిని ఆదరించిరి. గురువునకు ఎదురు చెప్పక, చెప్పవలసినదానిని విడువకయుండు ఈ నేర్పు తరువాత రాజసభలోను అక్కరకు వచ్చినది.

ఆ రాజు ఎవరన్న విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. 1070 మొదలు 1122 వరకు ఏలిన మొదటి కులోత్తుంగ చోళుడని కొందరును, 1133లో పట్టమునకు వచ్చిన రెండవ కులోత్తుంగుడని కొందరును చెప్పుదురు. గురుపరంపరలో ఆతనికి క్రిమికంఠుడను పేరే మిగిలినది. శివునికంటె పరతత్త్వము లేదని దేశమునందలి విద్వాంసులందరిచేతను వ్రాలు చేయించుట ఆతని సంకల్పము. ఇది రాజ్యమదము చేసిన పనియేగాని శివభక్తి చేసినది కాదు. ఈ కథను ఆధారముగా గొని శైవులను నిందించువారు కూరేశుల స్వభావమును ఎరుగరు. రాజుయొద్ద మంత్రిగా నున్న నాలూరాన్ అనువాడు, ఎందరు వ్రాలు చేసినను ప్రయోజనము లేదనియు, రామానుజులు చేసినచో చాలుననియు చెప్పెను. ఈ నాలూరాన్ కూరేశులయొద్దనే చదివిన శిష్యుడు.

భటులు శ్రీరంగమునకు వచ్చిరి. రామానుజులు స్నానమునకు వెళ్లిన సమయమున కూరేశులు వారి కాషాయమును ధరించి, త్రిదండమును చేతబూని, తామే రామానుజులమని బయలుదేరిరి. మహాపూర్ణులు కూడ వెంట నడచిరి. వారు రామానుజులకే ఆచార్యులు. అప్పటికి 105 ఏండ్ల వయస్సని సంప్రదాయము. దారి చూపుటకు వారి కుమార్తె అత్తుళాయమ్మ వెంట నుండెను. జరిగినది తెలిసి రామానుజులు శిష్యుల నిర్బంధముచే తెల్లని వస్త్రములు ధరించి పడమటి దిక్కుగా హోయసల దేశమునకు తరలిపోయిరి.

సభలో వాదము జరిగెను. వాదముతో పనిలేదు, వ్రాలు చేయవలసినదని రాజు పత్రమును ముందుంచెను. శివ శబ్దము పరమశివునికి పేరగుటయేగాక ఒక కొలపాత్రకును పేరు. ద్రోణమన్నది దానికంటె పెద్ద కొలత. కూరేశులు ఆ పత్రముపైననే శివముకంటె ద్రోణము పెద్దదని వ్రాసి యిచ్చిరి. ప్రాణము మీదికి వచ్చిన వేళ ఇట్టి చమత్కారము తోచుట సామాన్యముగ జరుగదు. రాజునకు కోపము మిక్కుటమయ్యెను. ఈతడు రామానుజుడు కాడని నాలూరాన్ అప్పుడే బయటపెట్టెను. ఇరువురి కన్నులు తీయించుటకు ఆజ్ఞ అయినది. వైష్ణవద్రోహిని చూచిన కన్నులు తమకు వలదని, భటుల చేతులు తాకకమునుపే కూరేశులు తామే వానిని పెరికివైచుకొనిరి. మహాపూర్ణుల కన్నులను భటులు తీసిరి.

పిమ్మటి ప్రయాణమును గూర్చి గ్రంథములు కొద్దిగనే చెప్పినవి. నూరేండ్లు దాటిన అంధుడొకరు, క్రొత్తగా అంధుడైన మరియొకరు, నడిపించునది ఒక స్త్రీ. ఎండలో పుండ్లు మండుచుండగా చోళ రాజధాని నుండి కావేరి వైపు నడక. తంజావూరు చెంత మహాపూర్ణులు ఇక నడువజాలక నేల ఒరిగిరి. తల కూరేశుల తొడమీద, పాదములు కుమార్తె తొడమీద. శ్రీరంగము ఇంక దూరము లేదు, కొంచెము ఓర్చుకొని అచటికి చేరవచ్చును గదా యని కూరేశులు ప్రార్థించిరి. అందుకు వారు అంగీకరింపలేదు. తాము ప్రయాసపడి శ్రీరంగమునకు చేరి దేహము విడిచినచో, ప్రపన్నునికైనను అంత్యకాలమున క్షేత్రము తప్పదని రాబోవువారు భయపడుదురనియు, ఎచట నున్నను భాగవతుని ఒడియే దివ్యదేశమనియు వారి అభిప్రాయము. అట్లే వారు అచట పరమపదించిరి. చూపులేని చేతులతో తడవి చూచి ఆచార్యుని ఆచార్యునకు కడపటి సేవ చేయించి కూరేశులు లేచిరి.

శ్రీరంగమునకు చేరిన పిదప మరియొక పరీక్ష ఎదురయ్యెను. రంగనాథుని సన్నిధికి వెళ్లగా ద్వారపాలకుడు నిలిపెను. రామానుజ సంబంధము కలవారిని లోనికి విడువరాదని రాజాజ్ఞ కలదు. ఇంతలో పక్కనున్నవాడు, ఈయన కూరేశులు, ఎవ్వరికిని కీడు తలపెట్టని సాధువు, అందరికిని కావలసినవారు, విడువవచ్చునని చెప్పెను. ఆ మాట విని కూరేశులు రెండడుగులు వెనుకకు వేసిరి. సద్గుణములు భగవత్సన్నిధికి ద్వారములని శాస్త్రము చెప్పుచుండగా, తమ సద్గుణములు తమను ఆచార్య సంబంధమునుండి వేరుచేయుచున్నవా యని వగచి, ఆ గుణముల మూలమున దొరకు సేవ తమకు వలదని మరలిపోయిరి. కన్నులున్నపుడు నిత్యము చూచిన పెరుమాళ్లు, కన్నులు లేని దినమున ఆ కొన్ని అడుగుల దూరమున నుండిరి. సభలో కన్నులను విడుచుటకంటె ఇచట ఆ గుమ్మమునుండి మరలుటయే కష్టతరమని తోచును.

అనంతరము వారు కుటుంబముతో మధుర సమీపమునందలి తిరుమాలిరుంశోలై చేరిరి. నేడు అళగర్ కోవెల యని ప్రసిద్ధమైన దివ్యదేశమది. కొండ, చుట్టును తోపులు, నూపురగంగ జలధార. స్వామికి సుందరబాహువని పేరు. చూపున్నవానికి పండుగవంటి తావు. చూపులేనివానికి అచట నున్నదేమి? సుందరబాహుస్తవమును తెరచినచో జవాబు దొరకును. 132 శ్లోకముల ఆ స్తోత్రమున మొదట ఆ కొండ వర్ణన, చెట్ల వర్ణన, తుమ్మెదల, పక్షుల సందడి; పిమ్మట కిరీటము మొదలు పాదముల వరకు స్వామి దివ్యావయవముల వర్ణన. రచయిత పేరు దాచి ఈ గ్రంథమును ఒక విద్యార్థి చేతికిచ్చినచో, దీనిని వ్రాసినవారికి చూపు లేదని ఊహింపనైన ఊహింపడు. చెవిని పడిన నీటి సవ్వడి, ఒంటిని తాకిన గాలి, ముక్కునకు సోకిన పూలతావి, వీనికి తోడు చిన్ననాటినుండి మనస్సున నిలుపుకొనిన ఆళ్వారుల పాశురములు. ఆ సామగ్రితో వారు తమ స్వామిని లోపల నిలుపుకొనిరి. ఇతరులు చేయిపట్టి నడిపింపవలసిన దేహము వారిది. వారి కవిత్వమునకు మాత్రము ఆ అవసరము లేకపోయెను.

ఆ స్తోత్రమున వారు స్వామిని కోరినదేమో గమనింపదగినది. తమ కన్నుల ప్రసక్తి వారు పెట్టలేదు. శ్రీరంగమునకు కలిగిన ఉపద్రవము తొలగవలెననియు, రామానుజులతో కూడి మునుపటివలె అచట కైంకర్యము చేయు భాగ్యము కలుగవలెననియు వారి ప్రార్థన.

రామానుజులు మేలుకోటలో పండ్రెండేండ్లు గడపిరని సంప్రదాయము. కూరేశులకు జరిగినది విని వారు పసిబిడ్డవలె విలపించిరి. శిష్యుని పంపి క్షేమసమాచారము తెప్పించుకొనిరి. రాజు కంఠమున పుండు పుట్టి మరణించెనన్న వార్త పిదప తెలిసినది. ఆచార్యులు శ్రీరంగమునకు మరలివచ్చిరి. కూరేశులును వచ్చి పాదములపై బడిరి. ఆచార్యులు వారిని లేవనెత్తి కౌగిలించుకొని, దర్శనమునకై దర్శనము నిచ్చిన నీకు ఈ కష్టము రావలసినదా యని కన్నీరు విడిచిరి. కూరేశులు దానికి చెప్పిన కారణము వింతగా నుండును. ఎప్పుడో యొక భాగవతుని ఊర్ధ్వపుండ్రము వంకరగా నున్నదని తాము మనస్సున తలచియుందుమనియు, ఆ అపరాధమునకు ఇది ఫలమనియు అనిరి. రాజును గూర్చి ఒక్క మాటయు లేదు. నాలూరాన్ పేరు ఎత్తనే లేదు.

ఆచార్యుల మనస్సు మాత్రము ఊరడిల్లలేదు. కంచి వరదుడు అడిగిన వరమిచ్చువాడని ప్రసిద్ధి గదా. నీవు వెళ్లి వరదుని స్తుతించి కన్నులు వేడుకొనుమని ఆజ్ఞాపించిరి. కూరేశులకు ఇష్టము లేదు; ఆచార్యాజ్ఞను మీరుట అంతకంటె ఇష్టము లేదు. వరదరాజస్తవమును రచించి సన్నిధిలో విన్నవించిరి. స్వామి ప్రసన్నుడై ఏమి కావలెనని అడుగగా, తాము పొందబోవు గతినే నాలూరాన్ కూడ పొందవలెనని కోరిరి. స్వామి అట్లే యని అనుగ్రహించెను.

అన్నము పెట్టి చదువు చెప్పినవాని కన్నులు తీయించిన వానికి మోక్షము! ఈ వరమును విని రామానుజులు మొదట ఖిన్నులైరి. నేను చెప్పిన పని యేమి, నీవు చేసిన పని యేమి యని అడిగిరి. కూరేశుల తర్కము సరళము. నాలూరాన్ తమకు శిష్యుడు. ఆతడు చెడినచో ఆ చెడుట తమ బోధలోని లోపము. పైగా బయటి చూపు పోవుటచే తమకు కలిగిన నష్టము అల్పము. ఆతనికి రాబోవు నష్టము అనంతము. రెంటిలో దేనిని తీర్చుమని దయాళువైన ప్రభువును అడుగవలెను? కప్పను పాము పట్టగా అది ఎవరిని పిలిచి మొరపెట్టుకొనుచున్నదో యని మూర్ఛిల్లిన హృదయము వారిది. ఆ హృదయమునకు ఈ తర్కము వెదకికొనవలసినది కాదు.

వరదుడు తరువాత వారికి చూపు ననుగ్రహించెనా? కొందరు అవుననిరి. కొందరు, స్వామిని ఆచార్యుని మాత్రము చూచుటకు తగిన చూపునే అడిగి పొందిరనిరి. లోపలి కన్నుతోనే సర్వమును దర్శించిరని మరికొందరు చెప్పిరి. ఐతిహ్యములు ఇట్లు భిన్నములుగా నున్నను, కూరేశులు బాహ్యదృష్టికై ఆరాటపడినట్లు ఏ యొక్క గ్రంథమును చెప్పదు. వారు అతిమానుషస్తవమును, శ్రీవైకుంఠస్తవమును రచించిరి. 11 శ్లోకముల శ్రీస్తవమున తాయారును సేవించిరి. ఈ ఐదును పంచస్తవియని నేటికిని పారాయణములో నున్నవి. శిష్యులకు చెప్పు పాఠము ఆగలేదు. ఆండాళమ్మ చేయి పట్టుకొని నడచుటకు వారు ఎన్నడును చిన్నబోలేదు. పరతంత్రుడై యుండుటయే జీవుని స్వభావమని శ్రీభాష్యము వ్రాయునాడు ఘంటము నిలిపి వాదించినవారు, ఆ సిద్ధాంతమును ఇంటి గడప దాటునప్పుడెల్ల అనుభవమున చూచుకొనిరి.

కడపట ఒకనాడు వారు ఒంటరిగా రంగనాథుని సన్నిధికి వెళ్లిరి. ఇక ఈ దేహము చాలునని కోరిరి. స్వామి సమ్మతించి, వారి సంబంధము కలవారికందరికిని అదే గతి యని అనుగ్రహించెను. ఈ వార్త మఠమునకు చేరగానే రామానుజులు ఉత్తరీయమును పైకెగురవేసి ఆనందించిరి. ఏమిటిది యని చుట్టునున్నవారు అడుగగా, కూరేశుల సంబంధము తమకును కలదు గాన తమ మోక్షమునకు ఇక సందేహము లేదనిరి. సన్న్యాసులకే సన్న్యాసియైన వారు ఆ నిమిషమున పిల్లవానివలె సంతోషించిరి. మరునిమిషమున దుఃఖము ముంచుకొని వచ్చినది. నన్ను విడిచి ముందుగ ఎట్లు పోవుదువని అడిగిరి. పరమపదమున ముందు చేరినవారు పిదప వచ్చువారికి ఎదురేగవలెను గదా. ఆచార్యులు ముందు వెళ్లి శిష్యునికి ఎదురువచ్చుట క్రమము కాదు గాన తాము ముందుగ వెళ్లుచున్నామని కూరేశులు విన్నవించిరి. రామానుజులు వారి చెవిలో ద్వయమంత్రమును ఉపదేశించి, వెనుదిరిగి వెనుదిరిగి చూచుచు మఠమునకు వెళ్లిరి.

కూరేశులు పిళ్లై పిళ్లైయాళ్వాన్ అను శిష్యుని ఒడిలో తలయు, ఆండాళమ్మ ఒడిలో పాదములును ఉంచి, ఆచార్య పాదములను ధ్యానించుచు పరమపదించిరి. భట్టరుల దుఃఖమును ఆండాళమ్మయే ఓదార్చెను. రామానుజులు దగ్గరనుండి చరమకైంకర్యములు జరిపించి, భట్టరును తమ దగ్గరకు తీసికొనిరి. శ్రీవిష్ణుసహస్రనామమునకు భగవద్గుణదర్పణమను భాష్యమును పిదప రచించినవారు ఈ పరాశర భట్టరే. తండ్రిని స్తుతించి వారు చెప్పిన తనియను వైష్ణవ గృహములలో నేటికిని నిత్యానుసంధానమున చెప్పుకొందురు.